గుమ్మం దగ్గర ఎవరూ పెట్టని బియ్యం

మా అమ్మాయికి మొదటి పన్ను రాకముందు నుంచీ ఒక మాటను లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు దాని పాలపళ్ళు ఊడుతున్నాయి. ఆ మాట మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. వంట చేస్తుంటే ఉంటుంది, బట్టలు ఆరేస్తుంటే ఉంటుంది, ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు మరీ బరువుగా ఉంటుంది. మొన్నటివరకూ ఎవరితోనూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకేనేమో మీకు రాయగలననిపిస్తోంది. పేరు మాత్రం అడగకండి.

మళ్ళీ వెనక్కి తగ్గకుండా ముందే చెప్పేస్తాను. మా సంఘంలో పేదల కోసం ఉంచిన బియ్యం నేను దొంగిలించాను. ఆ బియ్యం దేవుడు పంపాడని అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాను. నింద ఒక ముసలామె మీద పడితే చూస్తూ ఊరుకున్నాను. ఊరుకున్నానా? ఊరుకుని ఉంటే కొంత నయం. అంతకంటే చెడ్డ పని చేశాను. అది దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న సువార్త పని మీద ప్రకాశం జిల్లా పల్లెల్లో తిరిగేవాడు. ఏ ఊళ్ళోనూ కుదురుగా ఉండేవాళ్ళం కాదు. అమ్మే ఇంట్లో అక్షరాలు నేర్పింది, రోజూ వాక్యం పైకి చదివించింది. చదువుతో పాటు వందనాలు చెప్పడం నేర్పింది. కూర లేకపోతే గంజి ఉందని వందనాలు. గంజి పలచగా ఉంటే వేడిగా ఉందని వందనాలు. మన అవసరం ఆయనకు తెలుసు, అడిగి గుర్తు చెయ్యాలా అనేది. దేవుడినే అడగని మనిషి ఇక మనుషుల్నేం అడుగుతుంది? ఎంత లేమిలోనూ అమ్మ గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళడం నేను చూడలేదు. ఆమెది విశ్వాసం. నాలోకి వచ్చేసరికి అది గర్వమైపోయింది, వందనాల ముసుగు వేసుకున్న గర్వం. ఇదంతా అమ్మ మీదికి నెట్టడానికి చెప్పడం లేదు. లేక అందుకే చెబుతున్నానా? నాకే సరిగా తెలియడం లేదు.

పెళ్ళయ్యాక బెంగుళూరు వచ్చాం. సర్జాపుర రోడ్డులో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు, వాటి వెనక సందులో వరుసగా రేకుల గదులు. అందులో ఒకటి మాది. మా ఆయన ఒక అపార్ట్‌మెంటులో మోటార్లు, పైపులు చూసుకునేవాడు. మా అమ్మాయి పుట్టిన కొన్నాళ్ళకి అక్కడి పనులన్నీ కొత్త ఏజెన్సీ చేతికి పోయాయి. వాళ్ళు తమ మనుషుల్ని తెచ్చుకున్నారు. ఈయన పొద్దున్నే టూల్ బ్యాగు భుజాన వేసుకుని కూలిపని కోసం జనం చేరే కూడలిలో నిలబడేవాడు. పని దొరికిన రోజు కూరగాయల సంచితో వచ్చేవాడు. దొరకని రోజు ఆలస్యంగా వచ్చి, తిని వచ్చానని చెప్పేవాడు. అబద్ధమని నాకు తెలుసు. రేషన్ కార్డు ఊళ్ళో ఉండిపోయింది, ఇక్కడి దుకాణంలో మిషను నా వేలిముద్ర తీసుకోలేదు. గిన్నెలు కడిగీ కడిగీ గీతలు అరిగిపోయాయమ్మా అన్నాడు దుకాణం అతను, నవ్వుతూ. నేనూ నవ్వాను.

మా సంఘం ఒక హార్డ్‌వేర్ షాపు మీది హాలు. ఆదివారం తెలుగు ఆరాధన. నర్సులు, డ్రైవర్లు, ఇళ్ళలో వంట చేసేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు కంప్యూటర్ ఉద్యోగాల వాళ్ళు. మా సంఘాల్లో ఒక అలవాటు ఉంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇంటి ఆడమనిషి ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి, చిన్న ప్రార్థన చేసి, వేరే డబ్బాలో వేస్తుంది. పూట పూటకీ ఒక పిడికెడు. నెల మొదటి ఆదివారం ఆ డబ్బా తెచ్చి సంఘంలో ఉన్న పెద్ద డ్రమ్ములో పోస్తుంది. అవి అవసరంలో ఉన్న ఇళ్ళకి వెళ్ళాలి. ఎవరింటి బియ్యం వాళ్ళది కాబట్టి డ్రమ్ములో అన్నీ కలిసిపోతాయి. సన్నవి, దొడ్డువి, రేషన్‌వి, ఉప్పుడువి, పాతవి, కొత్తవి. ఆ బియ్యాన్ని చూడగానే పోల్చుకోవచ్చు. అంగట్లో అటువంటి బియ్యం దొరకదు.

వేదిక వెనకున్న చిన్న గదిలో ఆ డ్రమ్ము ఉండేది. గది తాళంచెవి నా దగ్గర ఉండేది. పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. నేను నెమ్మదస్తురాలినని, నోట్లో ఎప్పుడూ వందనాలు తప్ప మరో మాట ఉండదని ఆమే నాకు తాళం అప్పజెప్పింది. ఎవరికి అవసరం ఉందో వాళ్ళు అమ్మగారితో చెప్పుకునేవారు. ఆమె చెబితే నేను కొలిచి సంచిలో పోసి ఇచ్చేదాన్ని. ఎంతమందికి ఇచ్చాను! ఇచ్చేటప్పుడు ఎంత ప్రేమగా మాట్లాడేదాన్ని! ఇందులో సిగ్గుపడడానికేముందక్కా, ఇది నీ కోసం ఉంచినదే కదా అని ఎన్నిసార్లు అన్నానో.

మా ఇంట్లో బియ్యం అయిపోయినప్పుడు ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఇది మీరు గమనించాలి. నేను దొంగిలించినది నాకు న్యాయంగా రావలసినదే. మా వంటి ఇంటి కోసమే ఆ డ్రమ్ము. కానీ అడిగితే బుధవారం ప్రార్థనలో అవసరతల దగ్గర మా పేరు చదువుతారు. సంచి పట్టుకుని నేను మెట్లు దిగుతుంటే ఎవరో ఒకరు ప్రేమగా చూస్తారు, నేను వాళ్ళను చూసినట్టే. ఆ చూపు పడకుండా ఉండడం కోసం శనివారం మధ్యాహ్నం గది తుడిచే నెపంతో వెళ్ళి గుడ్డసంచిలో పోసుకున్నాను. చంటిదాన్ని చంకనేసుకుని, సంచి దాని దుప్పటి కింద పెట్టి తెచ్చాను. ఇంటికొచ్చాక ఏం చేశానో తెలుసా? ఎసట్లో పోసేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేశాను. ప్రార్థన చేసి మరీ వేశాను. నా చేతికి సిగ్గు వెయ్యలేదు.

ఒకసారితో ఆగలేదు. పని దొరకని వారాలు చాలా ఉన్నాయి.

మా ఆయన అడిగాడు, ఈ బియ్యం ఎక్కడివని. సంఘం ఇచ్చిందని చెబుదామనుకున్నాను. అలా చెబితే ఆదివారం పాస్టరుగారి చెయ్యి పట్టుకుని కృతజ్ఞత చెబుతాడు. ఆయన అటువంటి మనిషి. అందుకని నోటికొచ్చింది చెప్పాను. పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం దగ్గర సంచి ఉంది, ఎవరు పెట్టారో తెలియదు అన్నాను. ఆయన అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ నా మీద నాకే నమ్మకం పోయింది, దేవుడు మాత్రం మనల్ని మరిచిపోలేదు అన్నాడు. తర్వాత, ఇది దాచుకోకూడదు, ఆదివారం నువ్వు నిలబడి సాక్ష్యం చెప్పాలి అన్నాడు.

మా దగ్గర సాక్ష్యం అంటే అలా ఉంటుంది. మేలు పొందినవాళ్ళు లేచి చెప్పాలి. చెప్పకపోతే మేలును దాచినట్టు. నేను తప్పించుకోవాలని చూశాను. పాప నిద్రపోదు అన్నాను. గొంతు బాగాలేదు అన్నాను. ఆయన వినలేదు. ఆదివారం ఆయనే ముందుగా చెయ్యెత్తి, మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది అన్నాడు.

లేచాను. చెప్పాను. తడబడుతూనే మొదలుపెట్టాను గాని రెండు మాటలయ్యాక గొంతు కుదురుకుంది. గుమ్మం, సంచి, తెల్లవారుజామున పక్షుల కూత, అన్నీ వచ్చేశాయి. పక్షులు ఎక్కడినుంచి వచ్చాయో నాకిప్పటికీ తెలియదు. హాలంతా హల్లెలూయా అంది. మా ఆయన తల ఎత్తుకుని కూర్చున్నాడు. పని పోయాక ఆయన అలా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ ముఖం చూసి, నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదేమో అనుకున్నాను. చూడండి, మనసు ఎంత తొందరగా సర్దుకుంటుందో.

ఆ సాక్ష్యం అమ్మగారికి బాగా నచ్చింది. ఎవరైనా అవసరమని వస్తే ఇస్తూనే, ఆ అమ్మాయిని చూడండి, చంటిబిడ్డతో ఉండి కూడా ఎవరినీ ఏమీ అడగలేదు, దేవుడే గుమ్మంలోకి పంపాడు అనేది. మంచి మనసుతోనే అనేది. అది విన్నాక కొందరు అడగడం మానేశారు. ఇది కూడా నా ఖాతాలోదే.

అడగడం మానని ఒక్క మనిషి దీనమ్మ అవ్వ. హాలు ఊడ్చేది, కుర్చీలు వేసేది, మెట్ల కింద గదిలో ఉండేది. మదనపల్లె దగ్గర పుట్టి, చిన్నప్పుడే బెంగుళూరు వచ్చేసిన మనిషి. సగం తెలుగు, సగం కన్నడం. భర్త లేడు, పిల్లలు లేరు. కావలసింది కావాలని అడిగేది. పాస్టరుగారిని కూడా, ఏమప్పా అయ్యగారూ, ఈ ఫ్యాను తిరగతాండాదా, ప్రార్థన చేస్తాండాదా అని వేళాకోళం చేసేది. ఆమె అడగడం కొంతమందికి నచ్చేది కాదు. నాకు ఆమె అంటే లోలోపల చిన్నచూపు ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. విశ్వాసం తక్కువ మనిషి అనుకునేదాన్ని.

ఒకరోజు మా అమ్మాయికి జ్వరమని తెలిసి అవ్వ మా గదికి వచ్చింది. నేను పిల్లను పడుకోబెడుతుంటే, ఊరికే కూర్చోవడమెందుకని అక్కడున్న చాట ముందుకు లాక్కుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక ఆమె చేతులు ఆగాయి. అరచేతిలోకి కొన్ని గింజలు తీసుకుని చూసింది. సన్నవి, దొడ్డువి, ఉప్పుడువి. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. ఆమె చూసిందని నాకు తెలుసు. ఏరడం ముగించి, ఇది ఒక్క తీరుగా ఉడకదు, పిల్లకి పెట్టేది బాగా మెత్తగా పిసికి పెట్టు అని చెప్పి, పిల్ల తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా భయపడ్డాను. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పదని రూఢి అయ్యాక, భయం పోయి నాకు ధైర్యం వచ్చింది. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. ఆమె దయ నాకు పశ్చాత్తాపాన్ని తేలేదు, ధైర్యాన్ని తెచ్చింది.

కొన్నాళ్ళకి సంఘంలో ఒక డ్రైవరు ప్రమాదంలో పోయాడు. ఆ ఇంటికి బియ్యం పంపాలని అమ్మగారు తనే వచ్చి డ్రమ్ము మూత తీసింది. అడుగు కనిపించింది. నెల మొదట్లో అందరూ పోసిన బియ్యం ఏమైనట్టు? ఆ సాయంత్రం స్త్రీల కూడిక తర్వాత తలుపు దగ్గరకు వేసి మా అందరినీ కూర్చోబెట్టింది. ఎలుకలేమో అన్నారెవరో. మా సంఘంలో ఒక నర్సు ఉంది, నోరు గడుసుది. ఎలుకలైతే గింజలు చల్లి పోతాయి, ఈ ఎలుక శుభ్రంగా మూత కూడా పెట్టింది అంది. కొందరు నవ్వారు. నేనూ పెదవులు కదిపాను. తర్వాత చూపులు ఒక్కొక్కటే దీనమ్మ అవ్వ వైపు తిరిగాయి. గది కడిగే రోజుల్లో తాళం ఆమె దగ్గరే ఉండేది. ఉండేది ఇక్కడే. పైగా ఎప్పుడూ అడిగే మనిషి. మొన్ననే ఇంకొంచెం బియ్యం కావాలని అడిగిందట కూడా. నన్ను ఎవరూ చూడలేదు. గుమ్మంలోకి దేవుడే పంపే మనిషి డ్రమ్ములో చెయ్యి ఎందుకు పెడుతుంది?

అవ్వ లేచి నిలబడింది.

"నేను తీసుకోలేదు అమ్మగారూ. నాకేం కావాల్నన్నా అడిగి తీసుకుంటా. నాకు నోరుండాది కదా."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో. చాట ముందు కూర్చున్నప్పుడు ఎలా చూసిందో అలాగే చూసింది.

"చెప్పు పాపా. తాళం నీ దగ్గర ఉండేది కదా. నీకు తెలిసింది నువ్వే చెప్పు."

నా పేరు ఆమె బయటపెట్టలేదు. బయటపెట్టగలదు, పెట్టలేదు. నేను చెప్పడం కోసం నాకు చోటు వదిలింది. అంతమంది ముందు, తన పరువు పోతున్న చోట, నాకు చోటు వదిలింది. నేను నోరు తెరిచాను. ఆ క్షణంలో నిజం చెబుతాననే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇన్నేళ్ళుగా ఇదే నన్ను నేను అడుగుతున్నాను.

"నీ కోసం ప్రార్థన చేస్తాను అవ్వా," అన్నాను.

అంతకంటే చెడ్డ పని అన్నానే, అది ఇదే. ఆమె దొంగ అని నేను అనలేదు. అనవలసిన అవసరం లేకుండా చేశాను. ఆ ఒక్క మాటతో అక్కడున్న అందరికీ తీర్పు వినిపించింది. ఎవరో ఆమేన్ అన్నారు.

అవ్వ నా వైపే చూస్తూ తలూపింది.

"చెయ్యి పాపా," అంది. "నా ఒక్కదానికే కాదు."

ఆమెను ఎవరూ వెళ్ళగొట్టలేదు. పాస్టరుగారు క్షమించామన్నారు. చెయ్యని తప్పుకు క్షమాపణ తీసుకుని ఆమె ఎలా ఉంటుంది? మరుసటి వారం చెల్లెలి కొడుకు వచ్చి దొడ్డబళ్ళాపురం తీసుకెళ్ళిపోయాడు. మగ్గాల ఇల్లు, ఇరుకు ఇల్లు అని విన్నాను. ఆమె మెట్లు దిగుతుంటే నేను పైన హాల్లో కుర్చీలు సర్దుతున్నాను. అప్పటికే సర్ది ఉన్న కుర్చీలు.

తర్వాత మా ఆయనకు మంచి పని దొరికింది. దేవునికి వందనాలు అని రాయబోయి ఆగిపోయాను, చూడండి, చెయ్యి దానంతటదే అటు పోతోంది. ఇల్లు కుదుటపడింది. డ్రమ్ములో నేను తీసినదానికి ఎన్నో రెట్లు పోశాను, పిడికెడు బదులు దోసిళ్ళతో పోశాను. బియ్యం బాకీ తీరింది. అవ్వ బాకీ తీరలేదు. దొడ్డబళ్ళాపురం బస్సు ఎక్కాలని ఎన్నోసార్లు బయలుదేరి, మెజెస్టిక్ బస్టాండు దాకా వెళ్ళి, అక్కడ ఏదో సామాను కొనుక్కుని తిరిగొచ్చాను. ఒక ఆదివారం ప్రకటనల్లో, మన సంఘంలో పరిచర్య చేసిన దీనమ్మగారు ప్రభువు నందు నిద్రించారు అని చదివారు. ఆమె బంధువుల ఆదరణ కోసం ప్రార్థించమని అమ్మగారు నన్నే లేపింది. లేచి ప్రార్థన చేశాను. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్టే అయింది కదా. చక్కగా చేశావని తర్వాత నలుగురూ అన్నారు.

ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, సండే స్కూల్లో పిల్లలను తమ ఇంట్లో దేవుడు చేసిన మేలు ఒకటి వార్షికోత్సవంలో చెప్పమన్నారు. మా అమ్మాయి బియ్యం సంచి కథ ఎంచుకుంది. వాళ్ళ నాన్న దానికి ఆ కథ ఎన్నోసార్లు చెప్పాడు. పక్షుల కూతతో సహా చెప్పాడు. మొన్న సాయంత్రం అది నా పక్కన కూర్చుని వివరాలు అడిగింది. సంచి ఏ రంగు? మూతి దేనితో కట్టి ఉంది? అప్పుడు నేనేం చేస్తున్నాను? నేను నీలం రంగు అన్నాను. అనేశాక నా గొంతు నాకే వినిపించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అంత తేలికగా వచ్చింది. ఇక ఆ నీలం రంగు సంచిని నా బిడ్డ నోటితో మోయించబోతున్నాను.

దీపాలు పెట్టే వేళకు మా ఆయన వచ్చాడు. రోజూలాగే ముగ్గురం చాప మీద కూర్చున్నాం. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన నేనే మొదలుపెడతాను, ఎప్పుడూ వందనాలతోనే మొదలుపెడతాను. ఆ రోజు వందనాలు రాలేదు. కళ్ళు మూసుకుని, ఆ బియ్యం ఎవరూ పెట్టలేదు, డ్రమ్ములోంచి నేనే తీశాను, దీనమ్మ అవ్వ తియ్యలేదు అన్నాను. ఆమేన్ అనలేదు. కళ్ళు తెరిచేసరికి మా ఆయన నన్నే చూస్తున్నాడు. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మరి నేను అక్కడ ఏం చెప్పాలి అని అడిగింది. నువ్వేమీ చెప్పక్కర్లేదు, ఆ రోజు నేను లేస్తాను అన్నాను.

మా ఆయన ఆ రోజు నుంచీ నాతో సరిగా మాట్లాడడం లేదు. ఆయనను అనడానికి నాకేముంది? కిందపడి ఉన్న రోజుల్లో ఆయన పట్టుకుని లేచిన ఒక్క కర్రనూ నేను విరిచేశాను. వార్షికోత్సవం ఇంకా రాలేదు. లేస్తానన్నాను, లేచే బలం ఉంటుందో లేదో అప్పుడే తెలుస్తుంది. అమ్మగారు ఏమంటుందో, తాళం తీసుకుంటుందో, తెలియదు. క్షమించానని అనగలిగే ఒక్క మనిషీ మట్టిలో ఉంది. దేవుడు క్షమిస్తాడని నేను నలుగురికీ చెప్పేదాన్నే, నా విషయంలో ఆ మాటను అంత తొందరగా నోట పెట్టుకోవడం నాకిష్టం లేదు.

ఒక్కటి మాత్రం చెబుతాను. ఆ సాయంత్రం చాప మీద, వందనాలు లేని ఆ ప్రార్థనలో, మాట్లాడుతున్నది నేనేనని చాలా ఏళ్ళ తర్వాత గుర్తుపట్టాను.